గ్రీన్ టీ కషాయము కాదు

మన నగరములలోను, ఇటీవల పల్లెపట్టులలోను గూడ, గ్రీన్ టీని గుఱించి యొక అభిప్రాయము గట్టిగా పాదుకొన్నది. అది రుచికై త్రాగవలసిన వస్తువు కాదనియు, పొట్ట కరుగుటకో, చక్కెరవ్యాధి అదుపులో నుండుటకో, తెల్లవాఱుజామున వరుసగా వచ్చు తుమ్ములు మానుటకో కన్నులు మూసికొని గుటుక్కున మ్రింగవలసిన మందనియు, చేదెంత హెచ్చిన గుణమంత హెచ్చుననియు చదువుకొన్నవారు సయితము విశ్వసించుచున్నారు. వర్తకులు ఈ విశ్వాసమును పెంచి పోషించుచున్నారు. వైద్యమెఱుగని ఆరోగ్యోపదేశకులు దీనికి శాస్త్రపు ముసుగు తొడుగుచున్నారు. విన్నవారు విన్నట్టే పొరుగువారికి చెప్పుచున్నారు. ఇది తప్పని నా వాదము. తప్పు మాత్రమే కాదు, అన్యాయము గూడ: వేయేండ్లకు పైగా ఎన్నో జాతులు ప్రేమించుచు వచ్చిన యొక పానీయమునకు ఇది అవమానము, అలెర్జీతో నిజముగా కుములుచున్న రోగికి, ఉన్న కొద్దిపాటి ఆశను దాచి, లేని గొప్ప ఆశను చూపు వంచన. గ్రీన్ టీని ఆనందము కొఱకే త్రాగవలెను. దేహమునకు మేలేదైన చేకూఱినచో, అది యా ఆనందమును వెన్నంటి రావలసినదే గాని, దానిని వెడలగొట్టి దాని గద్దె నెక్కరాదు.

విజయవాడలో మా పిన్ని ప్రతిదినము ఉదయమున గ్రీన్ టీ సేవించును. సేవించుననుటయే సరి, త్రాగుననుటకు మనసొప్పదు. స్టీలు గిన్నెలో నీళ్లు కళపెళ మరుగుచుండగా రెండు టీబ్యాగులు అందులో పడవైచి, ఏండ్ల తరబడి పాలటీ కాచిన చేయి గనుక, నీరు ముప్పాతికకు ఇగురువఱకు మంట తగ్గింపక, అటుపిమ్మట గోధుమవన్నెకు తిరిగిన ఆ ద్రవమును గ్లాసులో పోసికొని, రెండు గ్రుక్కలలో ముగించి, నాలుకపై పటికబెల్లపు పలుకు వేసికొనును. "రుచిగా ఉందా పిన్నీ?" అని అడిగితిని. "రుచికెవరు తాగుతార్రా! ముక్కు కారడం తగ్గుతుందిట. చేదుగా ఉంటేనే పనిచేస్తుందిట" అని బదులు చెప్పినది. ఆ "ట"కారములో ఈ అభిప్రాయపు చరిత్ర యంతయు నున్నది. చెప్పినవారెవరో, ఏ యాధారముతో చెప్పిరో ఆమెకు తెలియదు. ఇంత చేదు మ్రింగినను ముక్కు మాత్రము కారుచునే యున్నది.

పిన్ని దోషమిందులో లేదు. ఆ ఆకు ఆమె యింటికి పానీయముగా రాలేదు, మందుగా వచ్చినది. మందును రుచిగా కాచుకొనవలెనని ఎవరికిని తోచదు. దోషము, ఆకును ఆ రూపమున పంపినవారిది. ఆకు నిజస్వరూపమేమో తెలిసినచో ఈ మాట మఱింత స్పష్టమగును.

మనము పాలతో మరగించుకొను టీయు, గ్రీన్ టీయు వేఱు మొక్కలవి కావు. రెండును కమెల్లియా సినెన్సిస్ అను ఒక్క మొక్క ఆకులే. కోసిన ఆకును నలిపి గాలికి విడిచినయెడల, ఆకులోని ఎంజైముల ప్రభావమున కాటెకిన్లనెడి పదార్థములు ఆమ్లజనితో కలిసి మాఱి, ఎఱుపును నలుపును కలసిన వన్నెను, బిగువైన రుచిని ఇచ్చును. అట్లుగాక, కోసిన కొద్ది గంటలలోనే ఆకునకు వేడి తగిలించి ఆ ఎంజైములను నిర్వీర్యము చేసినచో, పచ్చదనము నిలుచును. ఈ వేడి తగిలించు విధమున దేశమునకొక సంప్రదాయమున్నది. చీనాదేశమున హాంగ్‌చౌ నగరము ప్రక్కన పశ్చిమసరస్సును చుట్టుకొనియున్న కొండలలో, లుంగ్‌జింగ్ అను ప్రసిద్ధమైన తేయాకును కాలిన బాణలిలో వేసి, ఉత్త అరచేతులతో అదుముచు, త్రిప్పుచు, మరల అదుముచు ఆఱబెట్టుదురు. అందుచే ఆ ఆకు పలుచగా, బల్లపఱుపుగా నుండి, వేయించిన గింజల కమ్మని వాసన నిచ్చును. జపానులో ఆకునకు ఆవిరి పట్టుదురు. ఉజి ప్రాంతమునకు చెందిన నాగతానీ సోయెన్ అను తేయాకు రైతు, ఎన్నో యేండ్ల ప్రయోగముల పిమ్మట 1738లో, ఆవిరి పట్టిన లేతాకును వేడి తగులుచుండగా చేతులతో నలిపి సూదులవలె చుట్టుకొనజేయు పద్ధతిని సిద్ధపఱచి, సెంచా యను తేనీటికి నేటి రూపమిచ్చెను. ఆ పని వ్యాధి కుదుర్చుటకు చేసినది కాదు. పచ్చని వన్నెయు, తియ్యని వెనుకరుచియు గల యొక గిన్నెడు తేనీరు సామాన్యునికి గూడ అందవలెనని చేసినది.

ఆ తియ్యదనమెక్కడిది? 1949లో క్యోటోలోని పరిశోధకులు గ్యొకురో యను మేలుజాతి తేయాకునుండి థియనిన్ అను అమైనో ఆమ్లమును వేఱుపఱచిరి. తేనీటిలోని నిండైన కమ్మదనమునకు ముఖ్యకారణమది. వెలుతురు సోకినకొలది ఆకులో థియనిన్ తగ్గి, చేదును వగరును ఇచ్చు కాటెకిన్లు పెరుగును గనుకనే, గ్యొకురో తోటలపై కోతకు ముందు సుమారు మూడు వారములు పందిళ్లు వేసి నీడ పఱతురు. ఇక మన గిన్నె దగ్గఱకు వచ్చినచో, అసలు రహస్యము నీటి వేడిలో నున్నది. అఱువది డెబ్బది డిగ్రీల నీటిలో థియనిన్ సులభముగా దిగును. కాటెకిన్లును కెఫీనును మెల్లగా దిగును. మరుగుచున్న నీటిలో అన్నియు నొక్కుమ్మడి దిగి, చేదు కమ్మదనమును కప్పివైచును. పాలటీకి మరగించుటయే ధర్మము. ఆ ధర్మమునే గ్రీన్ టీకి వర్తింపజేయుట వలన, మన దేశమున గ్రీన్ టీ చేదను అపవాదు పుట్టినది. కాచినవారి చేతిలోని చేదును ఆకునకంటగట్టి, అటుపిమ్మట ఆ చేదునే దాని సుగుణముగా కొనియాడుచున్నాము.

దీనికి గొప్ప పరికరములేవియు నక్కఱలేదు. జపానీయులు నీరు చల్లార్చుటకు ప్రత్యేకమైన పాత్ర నుపయోగింతురు గాని, మన యిండ్లలో కాఫీ తిరగబోసికొను గ్లాసులు ఆ పని చక్కగా చేయును. మరిగిన నీటిని చల్లని గ్లాసులో పోసిన కొంత వేడి పోవును. అందుండి మఱియొక గ్లాసులో పోసిన మఱికొంత పోవును. గ్లాసు పట్టుకొన్న వ్రేళ్లు సుఖముగా ఓర్చుకొనగల వేడికి వచ్చినపుడు చెంచాడాకుపై పోసి, నిమిషమో, నిమిషమున్నరయో ఆగి, తెల్లని కప్పులోనికి చివరిబొట్టు వఱకు వడగట్టవలెను. అపుడు కప్పులో కనబడునది గోధుమవన్నె కాదు. లేతపసుపు తొంగిచూచు పచ్చన. ముందు నాలుకకు తగులునది కమ్మదనము. పిదప నాలుక అంచులను వగరు కొంచెము బిగియబట్టి విడిచిపెట్టును. మ్రింగిన తరువాత, త్రాగినవాడు ఎదురుచూడని తరుణమున, గొంతులో తీపి పుట్టును. ఈ వెనుకరుచి కొఱకే తేనీటిని మెల్లగా త్రాగవలెను. రెండు గ్రుక్కలలో మ్రింగువారికి ఇది ఎన్నటికిని దొరకదు. అదే ఆకుపై రెండవమాఱు, ఈసారి కొంచెము వేడి హెచ్చించి నీరు పోసి, కొన్ని క్షణములు మాత్రమే ఉంచినచో మఱియొక రుచి వచ్చును. అప్పటికి ఎండుపుల్లలవంటి ఆకులు విచ్చుకొని, మంచి ఆకైనచో, ఒక మొగ్గయు దానినంటిన రెండు లేతాకులును కప్పు అడుగున గుర్తుపట్టగలిగినంత స్పష్టముగా పఱచుకొనియుండును. టీబ్యాగులోని పొడికి ఈ భాగ్యము లేదు.

"మన నాలుకలకు ఇది పట్టదు" అను మాట నేనంగీకరింపను. చేదు తెలుగువానికి పరాయిది కాదు. కాకరకాయకు ఉప్పు పట్టించి పిండి, చింతపండును బెల్లమును చేర్చి పులుసు పెట్టు ఇల్లాలు చేదును వెడలగొట్టుటలేదు, దానిని మాటవినునట్లు చేయుచున్నది; తేయాకు విషయమున ఆ పని నీటి వేడి చేయును. ఇది ఆరోగ్యపు మోజుతో నిన్న మొన్న దిగుమతి యైన పానీయమనుటయు సరికాదు. హిమాలయపాదమున కాంగ్రా లోయలో 19వ శతాబ్ది మధ్యకాలమునుండి గ్రీన్ టీ తయారగుచున్నది. అమృతసర్ వర్తకుల మూలమున అది కాశ్మీరమునకు, కాబూలునకు పోయెడిది. 1905 ఏప్రిల్ 4నాటి భూకంపము ఆ తోటలను, కర్మాగారములను ధ్వంసము చేయకుండినచో మనవారికి ఈ ఆకుతో పరిచయము ముందే కలిగియుండెడిదేమో. కాశ్మీరీలు కుంకుమపువ్వు, ఏలకులు, బాదముపలుకులు చేర్చి కహ్వాగా దీనినే త్రాగుదురు. మొరాకో దేశీయులు చీనానుండి వచ్చు గ్రీన్ టీలో పుదీనాను, ధారాళముగా పంచదారను కలిపి అతిథులకిత్తురు. అచ్చట తేనీరందుకొన్న అతిథిని నీ కొవ్వెంత కరిగినదని అడుగువారు లేరు.

ఔషధవాదులు చరిత్రను సాక్ష్యమునకు పిలుతురు. జపాను బౌద్ధభిక్షువు ఎయ్‌సాయ్ చీనానుండి 1191లో తిరిగివచ్చుచు తేయాకు విత్తనములను తెచ్చెననియు, 1211లో తేనీటి ఆరోగ్యగుణములపై ఒక గ్రంథమే రచించెననియు చెప్పుదురు. నిజమే. కాని చరిత్ర అచ్చట నిలిచిపోలేదు. ఎయ్‌సాయ్ తరువాత ఐదువందల యేండ్లకు, క్యోటో పరిసరములలో, బైసావో యని పేరొందిన మాజీ భిక్షువొకడు, భుజాన కావడి వేసికొని, చెట్లనీడలలో పొయ్యి పెట్టుకొని, ఇంత యని వెల చెప్పక, దారినపోవు వారికి సెంచా పోసి, వెదురుగొట్టములో వారు వేసినది పుచ్చుకొనుచు జీవించెను. ఆతనియొద్ద కూర్చున్న కవులును చిత్రకారులును రోగులు కారు. మందుగా ప్రవేశించిన ఆకు పానీయముగా ఎదిగినది. ఎదిగినదానిని మరల మందుపెట్టెలో మూసివేయవలెనను పట్టుదల మనకేల?

అయినను ఔషధవాదికొక బలమైన మాటయున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. నీరెంత వేడియైన కాటెకిన్లంత హెచ్చుగా దిగుననుట సత్యము. పరిశోధకులు మేలును వెదకినది ముఖ్యముగా కాటెకిన్లలోనే యనుటయు సత్యము. కావున చేదే గుణమని ఆతడు తేల్చును. ఆ గుణమెంతటిదో చూతము. బరువు తగ్గుటను గూర్చి వెలువడిన ప్రయోగములను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2012లో, తగ్గిన బరువు లెక్కింపదగినంత కాదని తేల్చినది. క్యాన్సరును నివారించునని చెప్పుకొననిండని అర్జీ పెట్టుకొనగా, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2005లో ఆ వాదమునకు తగిన సాక్ష్యము లేదన్నది. ఇంత స్వల్పమైన ఫలము కొఱకు ఇంత గొప్ప రుచిని చంపుకొనుట గిట్టుబాటు కాని బేరము. పైగా, రోతపడుచు త్రాగునది ఎవడును నెల దాటి త్రాగడు. అలమరలలో సగము మిగిలిన గ్రీన్ టీ పెట్టెలే దీనికి సాక్ష్యము.

ఇక అలెర్జీ. ఈ విషయముననే అసత్యము హెచ్చుగా ప్రచారమైనది. ఈ విషయముననే సత్యము గూడ మిక్కిలి ఆసక్తికరమైనది. పుప్పొడియో, దుమ్ముపురుగుల మలమో ముక్కులో ప్రవేశించినపుడు, అలెర్జీ గలవారి దేహములో ఐజీఈ అను ప్రతిరక్షకము మాస్ట్ కణములను రెచ్చగొట్టి హిస్టమిన్‌ను వెలువడజేయును. తుమ్ములు, నీరు కారుట, కన్నుల దురద ఆ హిస్టమిన్ చేయు ఆగడములు. తేయాకులోని ప్రధానమైన కాటెకిను, ఈజీసీజీ యనబడునది, ఐజీఈ వచ్చి అంటుకొను గ్రాహకములను తగ్గించునని క్యూషూ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. అయితే అది ప్రయోగశాలలో పెంచిన కణములలో. మనుష్యులలో కొంత ఫలము కనబడినది వేఱొక పదార్థముతో. అది మిథైలు చేరిన కాటెకిను. అది పుష్కలముగా నున్నది బెనిఫూకి యను రకములో.

ఈ బెనిఫూకి కథలో మన దేశమునకు గూడ పాలున్నది. 1876లో జపాను ప్రభుత్వము పంపగా భారతదేశమునకు వచ్చిన తాదా మోతోకిచి ఇచ్చటి తేయాకు విత్తనములను తీసికొనిపోయెను. ఆ విత్తనముల సంతతి యొకవైపు, డార్జిలింగ్ విత్తనముల సంతతి మఱియొకవైపు తలిదండ్రులై, జపానులోని మకురజాకి పరిశోధనాక్షేత్రమున ఈ రకము పుట్టి, 1993లో నమోదైనది. దీనిని పుట్టించినది ఎఱ్ఱటీ కొఱకు. కాని ఎఱ్ఱటీగా చేసినచో ఆ మిథైల్ కాటెకిను నశించునని తెలిసి, గ్రీన్ టీగా చేయసాగిరి. సుగి వృక్షముల పుప్పొడి జపానులో పెద్ద యుపద్రవము. 2019నాటి సర్వేలో నూటికి ముప్పదియెనిమిది మందికి పైగా దానితో బాధపడుచున్నట్లు తేలినది. అట్టి రోగులలో కొందఱికి బెనిఫూకిని, కొందఱికి మామూలు యాబుకితా తేనీటిని, ఎవరికేది ఇచ్చిరో తెలియకుండ, వారముల తరబడి ఇచ్చి చూడగా, బెనిఫూకి త్రాగినవారిలో ముక్కు, కన్నుల బాధ కొంత తగ్గినది. పుప్పొడి కాలమునకు ముందునుండియే త్రాగినవారికి మేలు హెచ్చుగా కనబడినది. ఆశ కలిగించు ఫలితమే ఇది, సందేహము లేదు. కాని ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు స్వల్పసంఖ్యాకులు. ఉపశమనము కొంత మాత్రమే, నివారణము కాదు.

ఇప్పుడు మన అంగడికి పోదము. బెనిఫూకితో పోల్చి చూచుటకై ఆ పరిశోధకులు ఎన్నుకొన్న యాబుకితా, జపాను తోటలలో అత్యధికభాగమాక్రమించిన మామూలు రకము. అందులో ఈ మిథైల్ కాటెకిను లేదు కనుకనే దానినెన్నుకొనిరి. అనగా, గ్రీన్ టీ అలెర్జీని తగ్గించునని చాటుటకు మనవారు ఆశ్రయించు ఆ ప్రయోగమే, మామూలు గ్రీన్ టీని ఫలమియ్యనిదానిగా ఎంచి చేసిన ప్రయోగము! అస్సాములోనో, నీలగిరులలోనో తయారై మన చేతికి వచ్చు పెట్టెపై రకము పేరే యుండదు. అంతేకాదు, అచ్చటి రోగులను బాధించినది సుగి పుప్పొడి. మనలను బాధించునవి పరుపులలోని దుమ్ముపురుగులు, బొద్దింకలు, బీళ్లనెల్ల ఆక్రమించిన వయ్యారిభామ, చెఱువుగట్లపై సర్కారుతుమ్మ. వీనిపై ఈ తేనీరేమి చేయునో అచ్చటి ప్రయోగము చెప్పజాలదు. మఱియు జపానులో తేయాకు కర్మాగారములలో ఆకుధూళిని పీల్చిన పనివారికి, ఆ ఈజీసీజీ కారణముగానే, ఉబ్బసము వచ్చినట్లు అచ్చటి వైద్యులే నమోదు చేసిరి. అలెర్జీకి తిరుగులేని మందని పొగడబడు పదార్థమే కొందఱికి అలెర్జీ కారకమైనదని మన ప్రచారకులు ఒక్కరైనను చెప్పగా నేను వినలేదు.

ఉబ్బసపు బాధ ఎట్టిదో తెలియనివాడను కాను. మృగశిర కార్తెనాడు చేపమందు కొఱకు హైదరాబాదులో బారులు తీరు జనమును చూచినవారికి, ఊపిరాడనివాడు ఆశకై ఎంతదూరము పోవునో తెలియును. ఆ ఆర్తిని సొమ్ము చేసికొనుట పాపము. గ్రీన్ టీ త్రాగుచున్నామను ధైర్యముతో ఇన్‌హేలరును మూలపెట్టువారికి, ముక్కులో కొట్టుకొను స్ప్రేను మానినవారికి కలుగు హాని ఎవరి ఖాతాలో వ్రాయవలెను? అది చాలక, జీర్ణశక్తికి మంచిదని భోజనము కాగానే త్రాగుమనుచున్నారు. శాకాహారములోని ఇనుము ఒంటబట్టకుండ తేనీరు అడ్డుపడును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్న దేశమున, పప్పన్నము తిన్న యింతికి వెంటనే ఈ సలహా నిచ్చుట ఎంత బాధ్యతారాహిత్యము! గంటసేపు ఆగి త్రాగిన చాలును; ఆ మాట చెప్పువారే లేరు. తేనీటి సారమును బిళ్లలుగా అమ్మువారి సంగతి మఱియు దారుణము: బిళ్లల రూపమున దినమునకు 800 మిల్లీగ్రాములు, ఆపై ఈజీసీజీ తీసికొన్నవారిలో కాలేయమునకు దెబ్బ తగులు సూచనలు కనబడినవని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది. కప్పులో పోసికొని త్రాగిన తేనీటికి అట్టి భయము లేదన్నదియు ఆ సంస్థయే. మందుగా మాఱిన కొలదియే అపాయకరమైనదన్నమాట.

అట్లయిన ముక్కు కారుచున్నవాడు తేనీరు త్రాగరాదా? తప్పక త్రాగవలెను. 2008లో కార్డిఫ్ విశ్వవిద్యాలయమున జలుబుతో బాధపడు 30 మందికి వేడి పండ్లపానీయమిచ్చి చూచిరి. కొలిచి చూడగా ముక్కులో గాలి ప్రసారము మాఱలేదు గాని, తుమ్ములు, ముక్కు కారుట, దగ్గు, గొంతునొప్పి అప్పటికప్పుడు తగ్గినట్లు వారు చెప్పిరి. అదే పానీయమును వేడి చేయక, గదిలోని వేడిమిననే ఇచ్చిన అంత ఉపశమనము లేదు. వేడియు, రుచియు లాలాజలమును ఊరించి గొంతును తడుపుట ఇందుకు కారణము కావచ్చునని వారి యూహ. అది జలుబు, అలెర్జీ కాదు. ఆ పానీయమును గ్రీన్ టీ కాదు. అయినను రోగి స్వానుభవమున ఎఱిగిన సుఖమే అది. వేడిగా, రుచిగా ఉన్న గిన్నెడు తేనీరు ఎదుట పెట్టుకొని, ముక్కుకు ఆవిరి తగులుచుండగా మెల్లగా చప్పరించుటలోని సుఖము. పటికబెల్లముతో పోగొట్టుకొనవలసిన చేదులో ఆ సుఖమెన్నటికిని రాదు. వైద్యుడిచ్చిన మందు వైద్యుడిచ్చినట్లే వాడుచు, తేనీటిని తేనీరుగానే త్రాగువాడు రెండింటి ఫలమును పొందును.

అమ్మువారిని కోరునది ఇంతే. ఈ ఆకు వెలుతురును, ఉక్కను, వేడిని సహింపదు. వేసవిలో ఎండ పడు అద్దాల బీరువాలో నెలల తరబడి నిలిపినదానిలో సువాసన యుండదు. దానిని చల్లనిచోట, గాలి చొరని డబ్బాలో నుంచుడు. పెట్టెపై ఏ తోట ఆకో, ఏ నెలలో కోసినదో, బాణలిలో వేచినదో ఆవిరి పట్టినదో, నీరెంత వేడిగా నుండవలెనో, ఎంతసేపు ఉంచవలెనో తెలుగులో అచ్చువేయుడు. సన్నని నడుము బొమ్మను తీసివేసినయెడల ఈ నాలుగు మాటలకు కావలసినంత స్థలము దొరకును.